ఊదుడు గొట్టం కథ: తాగి నడిపేవాళ్లను ఆపింది పెద్ద శిక్షా, దొరికిపోతామన్న భయమా?

ఈ వారం ఎపిసోడ్ విన్నాక మీరు పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. మస్కట్‌లో ట్రైలర్ నడిపే ఒక తమ్ముడు సూటిగా అడిగాడు: "అన్నా, ఈ దేశాల్ల శిక్ష పెద్దగుంటది గాబట్టి మనోళ్లు భయపడతరు. మనూళ్ల గూడ లక్ష రూపాయల జరిమానా పెడితే అయిపాయె గద?" వినడానికి న్యాయంగానే ఉంది. కానీ చరిత్ర చూస్తే జవాబు అంత తేలిక కాదు. ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన సంగతులు కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్లకు నా గురించి రెండు ముక్కలు. మాది నిజామాబాద్ జిల్లా. ఆరేళ్లు దుబాయ్‌లో లేబర్ క్యాంపు బస్సు నడిపాను. ఇప్పుడు బర్మింగ్‌హామ్‌లో పార్సిల్ వ్యాన్ నడుపుతున్నాను. నాలాంటి డ్రైవర్లకు లైసెన్సు అంటే కార్డు కాదు, ఇంటికి పంపే జీతం, కట్టాల్సిన అప్పు, పిల్లల ఫీజు. అందుకే ఈ చట్టం ఎక్కడ పుట్టిందో, ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ చతికిలపడిందో తెలుసుకోవాలనిపించింది. ఈ కథ చెప్పడానికి నేనిప్పుడు ఉంటున్న బ్రిటన్ కంటే మంచి దేశం లేదు.

గుర్రం, గొడ్డు, ఆవిరి యంత్రం

కారు పుట్టకముందే బ్రిటన్‌లో ఈ చట్టం ఉంది. 1872లో వచ్చిన లైసెన్సింగ్ చట్టం ప్రకారం బండి గానీ, గుర్రం గానీ, పశువులు గానీ, ఆవిరి యంత్రం గానీ తోలుతూ రోడ్డు మీద తాగి దొరికితే నేరం. 1897 సెప్టెంబర్‌లో జార్జ్ స్మిత్ అనే లండన్ టాక్సీ డ్రైవర్ తన ఎలక్ట్రిక్ క్యాబ్‌ను న్యూ బాండ్ స్ట్రీట్‌లో ఒక భవనానికి గుద్దాడు. తాగి మోటారు బండి నడిపి శిక్ష పడ్డ మొదటి మనిషిగా అతని పేరే చెబుతారు. చూశారా, ఈ కథలో మొదటి ముద్దాయి కూడా మనలాంటి బతుకుదెరువు డ్రైవరే.

1925లో మోటారు వాహనాలన్నిటినీ ఈ నేరం కిందికి తెచ్చారు. 1930 రోడ్డు ట్రాఫిక్ చట్టం ఇంకో మెట్టు ఎక్కింది: బండిని అదుపులో పెట్టుకోలేనంతగా తాగి ఉంటే నేరం అంది. చిక్కంతా ఆ 'అంతగా' అన్న మాటలోనే ఉంది. ఎంత తాగితే అంతగా? దాన్ని తేల్చడానికి డాక్టరు వచ్చేవాడు. గీత మీద తిన్నగా నడవమనేవాడు, నోరు తిరగని మాటలు పలకమనేవాడు. తాగుడుకు అలవాటు పడ్డవాడు బుద్ధిగా నడిచి చూపించేవాడు. తాగనివాడు పోలీస్ స్టేషన్ భయానికే తడబడేవాడు. కేసు కోర్టుకు వెళ్తే జ్యూరీలో కూర్చున్నవాళ్లు కూడా పబ్బులో రెండు పింట్లు తాగి ఇంటికి కారు నడుపుకొని వెళ్లేవాళ్లే. ఈరోజు వీడు, రేపు నేను అనుకొని వదిలేసేవాళ్లు.

అంటే చట్టం ఉంది, శిక్ష ఉంది. రుజువు చేసే దారే లేదు.

లెక్క కుదిరిన కాలం

ఈ ముడి విప్పింది పోలీసులు కాదు, ప్రయోగశాలల్లో కూర్చున్న మనుషులు. స్వీడన్‌లో ఎరిక్ విడ్‌మార్క్ అనే శాస్త్రవేత్త రక్తంలో ఆల్కహాల్ ఎంత ఉందో కొలిచే పద్ధతినీ, అది గంట గంటకూ ఎలా తగ్గుతుందో చెప్పే లెక్కనూ తయారుచేశాడు. దాంతో 'తూలుతున్నాడా, లేదా' అన్న వాదన పోయి, 'రక్తంలో ఎంత ఉంది' అన్న అంకె వచ్చింది. 1936లో నార్వే ఆ అంకెను చట్టంలో పెట్టింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు దాటితే చాలు, నువ్వు బాగానే నడిపావా లేదా అన్నది ఎవరూ అడగరు. 1941లో స్వీడన్ 80 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఇంకో దారి తెరుచుకుంది. అక్కడ రోల్లా హార్గర్ అనే ప్రొఫెసర్ ఊపిరిని బట్టి తాగుడు పట్టే 'డ్రంకోమీటర్' చేశాడు. తర్వాత 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ దానికంటే తేలికైన 'బ్రెత్‌అలైజర్' చేశాడు. ఆయన అంతకుముందు పోలీసు శాఖలోనే పనిచేసినవాడు. రాత్రిపూట రోడ్డు పక్కన నిలబడ్డ మనిషికి ఏం కావాలో ఆయనకు తెలుసు.

ఆ బోర్కెన్‌స్టైనే 1962-63లో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో ఒక పెద్ద పరిశీలన చేశాడు. యాక్సిడెంట్ చేసిన సుమారు 6 వేల మంది డ్రైవర్లను, అవే చోట్ల మామూలుగా వెళ్తున్న 7,500 మంది డ్రైవర్లతో పోల్చి చూశాడు. 80 మిల్లీగ్రాములు దాటాక ప్రమాదం గబగబా పెరుగుతోందని తేలింది. నాకేం కాదు, నేను తాగితేనే ఇంకా జాగ్రత్తగా నడుపుతాను అనేవాళ్లు మన క్యాంపుల్లోనూ ఉన్నారు కదా, వాళ్లకు జవాబు 1964 నాటికే అచ్చయింది.

కారు నడపడం రాని మంత్రి

1966లో బ్రిటన్ రోడ్ల మీద 7,985 మంది చనిపోయారు. యుద్ధ కాలం లెక్క పక్కన పెడితే అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ అంతమంది ఏ ఏడాదీ పోలేదు. ఇప్పుడు ఉన్నన్ని బండ్లలో చిన్న భాగమే అప్పుడు ఉన్నాయని గుర్తుంచుకోండి.

అప్పుడు రవాణా మంత్రి బార్బరా కాజిల్. 1965 చివర్లో ఆ కుర్చీలోకి వచ్చింది. ఆమెకు కారు నడపడం రాదు. పైగా ఆడమనిషి. మగవాళ్ల కార్ల మీద, మగవాళ్ల బీరు మీద ఆడమనిషి ఆంక్షలేంటని పత్రికలూ, పబ్బు యజమానులూ, తాగేవాళ్లూ ఒకటే గోల. ఆమె వెనక్కి తగ్గలేదు. 1967 రోడ్డు భద్రతా చట్టం 80 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఆ ఏడాది అక్టోబర్ నుంచి పోలీసుల చేతికి ఊదుడు గొట్టం వచ్చింది.

ఇప్పటి మిషన్‌లా అంకెలు చూపించేది కాదది. ఒక గాజు గొట్టం, అందులో పసుపు రంగు పలుకులు, చివర ఒక సంచి. ఆ సంచి నిండేదాకా ఊదాలి. ఆల్కహాల్ తగిలితే పలుకులు ఆకుపచ్చకు తిరుగుతాయి. గీత దాటి పచ్చబడితే స్టేషన్‌కు తీసుకెళ్లి రక్తమో మూత్రమో తీసి లెక్క తేలుస్తారు. తేలితే కనీసం ఏడాది పాటు లైసెన్సు రద్దు.

మొదటి ఏడాదిలో రోడ్డు చావులు 1,152 తగ్గాయని లెక్క వేశారు. ప్రమాదాల్లో తాగుడు కారణమైనవి 25 శాతం నుంచి 15 శాతానికి పడ్డాయి. ఒక్క ఏడాదిలో 1,152 మంది. మా మండలంలో ఒక మోస్తరు ఊరు ఊరంతా బతికినట్టు.

భయం ఎందుకు కరిగిపోయింది

కథ ఇక్కడే ఆపేస్తే మస్కట్ తమ్ముడి మాటే నిజమైనట్టు. కానీ అసలు పాఠం తర్వాత మొదలవుతుంది.

లారెన్స్ రాస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త బ్రిటన్ లెక్కలన్నీ ముందేసుకొని కూర్చున్నాడు. 1973లో తన పరిశీలన అచ్చువేశాడు. ఆయన చేసిన తెలివైన పనేంటంటే, పబ్బులు తెరిచి ఉండే గంటలను, మూసి ఉండే గంటలను విడదీసి చూశాడు. వారాంతం రాత్రుల్లో చావులు, పెద్ద గాయాలు మొదట్లో మూడింట రెండు వంతులు పడిపోయాయి. పబ్బులు మూసి ఉండే, జనం డ్యూటీలకు వెళ్లే గంటల్లో పెద్ద మార్పేమీ లేదు. అంటే పనిచేసింది ఈ చట్టమే, వేరే కారణాలు కావు.

కొన్నేళ్లకు ఆ లాభం కొంచెం కొంచెంగా కరిగిపోయింది. శిక్ష తగ్గిందా? లేదు. హద్దు పెంచారా? లేదు. మరేమైంది?

రాస్ చెప్పిన కారణం ఇది. చట్టం వచ్చిన కొత్తలో పేపర్లలో, టీవీలో, పబ్బుల్లో ఎక్కడ చూసినా ఊదుడు గొట్టం ముచ్చటే. ప్రతి మలుపులోనూ పోలీసు ఉంటాడని జనం నమ్మారు. నిజానికి పోలీసులు చేసిన పరీక్షలు చాలా తక్కువ. బ్రిటన్ చట్టం ప్రకారం ఊరికే ఆపి ఊదించడానికి వీల్లేదు. తాగినట్టు అనుమానం ఉండాలి, లేదా ట్రాఫిక్ తప్పు చేసి ఉండాలి, లేదా యాక్సిడెంట్ అయి ఉండాలి. ఎవరినైనా, ఎప్పుడైనా ఊదించే అధికారం మొదటి బిల్లులో పెట్టారు, గోల ఎక్కువై తీసేశారు. ఆర్నెల్లు, ఏడాది తాగి నడిపి చూశాక జనానికి అర్థమైంది, ఎవడూ పట్టుకోవట్లేదని. గొట్టం మీద భయం పోయింది, పాత అలవాటు తిరిగొచ్చింది.

1979 నాటికి బ్రిటన్‌లో తాగుడు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,640 మంది. ఆ తర్వాత దాన్ని మళ్లీ కిందికి దించడానికి ఏళ్లు పట్టింది. 1983లో రక్తం తీయక్కర్లేకుండా స్టేషన్‌లోనే సాక్ష్యంగా పనికొచ్చే ఊపిరి మిషన్లు వచ్చాయి. ప్రతి డిసెంబర్‌లో క్రిస్మస్ తనిఖీలు, టీవీలో గుండె పిండే ప్రకటనలు ఏటేటా జరిగాయి. కార్లు కూడా మెరుగయ్యాయి. ఇప్పుడు ఏడాదికి 200, 300 మంది దగ్గర ఉంది. అదీ తక్కువేమీ కాదు, కానీ 1,640 ఎక్కడ, ఇదెక్కడ.

తాగినా తాగకున్నా ఊదాల్సిందే

బ్రిటన్ వదిలేసిన అధికారాన్ని ఆస్ట్రేలియా పట్టుకుంది. 1976లో విక్టోరియా రాష్ట్రం మొదలుపెట్టింది. 1982 డిసెంబర్ 17న న్యూ సౌత్ వేల్స్ రంగంలోకి దిగింది. అక్కడ హద్దు 50 మిల్లీగ్రాములు. అనుమానం అక్కర్లేదు, తప్పు చేయక్కర్లేదు. పోలీసు చేయి చూపిస్తే ఆగాలి, ఊదాలి. జడ్జి అయినా, లారీ డ్రైవరైనా, పెళ్లి నుంచి వస్తున్న ముసలాయనైనా అంతే.

మొదటి ఏడాదిలోనే సుమారు 10 లక్షల పరీక్షలు చేశారు. అంటే ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న ప్రతి ముగ్గురికి ఒక పరీక్ష. పార్టీకి వెళ్లినవాడికి తను ఊదకపోయినా, తన బావమరిదో పక్కింటాయనో ఊదిన సంగతి తెలుసు. 1982లో ఆ రాష్ట్రంలో రోడ్డు చావులు 1,253. 1983లో 966. అసలు విశేషం ఆ తర్వాత ఏళ్లలో కూడా లాభం నిలబడటం. బ్రిటన్‌లో జనం భయాన్ని పరీక్షించి చూస్తే అది ఉత్తదని తేలింది. న్యూ సౌత్ వేల్స్‌లో పరీక్షించి చూసినవాడికి నిజంగానే గొట్టం ఎదురొచ్చింది.

దీనికి అటువైపు ఉదాహరణ స్కాట్లండ్. 2014 డిసెంబర్‌లో అక్కడ హద్దును 80 నుంచి 50కి దించారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ రోజుకీ 80. గ్లాస్గో యూనివర్సిటీ పరిశోధకులు స్కాట్లండ్‌లో రెండేళ్ల ప్రమాదాలను ఇంగ్లండ్, వేల్స్ ప్రమాదాలతో పోల్చి 2018లో లాన్సెట్ పత్రికలో రాశారు. ప్రమాదాలు తగ్గలేదు. హద్దు దించారు గానీ దానికి తగ్గట్టు తనిఖీలు పెంచకపోవడం ఒక కారణం అయి ఉంటుందన్నారు.

మన దగ్గర 30, అయినా

ఇక మన ఊరి మాట. 1939 మోటారు వాహనాల చట్టంలోనే తాగి నడపడం నేరం. 1988లో కొత్త చట్టం వచ్చినప్పుడు 185వ సెక్షన్‌లో రక్తంలో ఆల్కహాల్ ఎంత కొంచెం ఉన్నా నేరమే అని రాశారు. 1994 సవరణలో దాన్ని 30 మిల్లీగ్రాములు చేశారు, ఊపిరి మిషన్‌తో పట్టాలని చెప్పారు. 2019 సవరణతో మొదటిసారి జరిమానా 2,000 నుంచి 10,000 అయింది, ఆరు నెలల దాకా జైలు కూడా. రెండోసారి 15,000, రెండేళ్ల దాకా జైలు.

ఒక్కసారి ఆగి ఈ అంకెలు చూడండి. ఇంగ్లండ్‌లో 80, మన దగ్గర 30. కాగితం మీద మనదే గట్టి చట్టం. రోడ్డు మీదికొస్తే బ్రిటన్‌లో అన్ని కారణాలూ కలిపి ఏడాదికి 1,700 మంది లోపు పోతున్నారు. 2022లో మన దేశంలో 1,68,491 మంది పోయారు. జనాభా ఇరవై రెట్లు, చావులు వంద రెట్లు. అందులో తాగుడు ఖాతాలో రాసింది మూడు శాతం లోపే. ఊళ్లో పుట్టి పెరిగిన ఎవరినైనా అడగండి, ఈ లెక్కను నమ్ముతారేమో. చనిపోయినవాడి రక్తం పరీక్ష చేయించేది ఎంతమందికి? తాగినట్టు రాస్తే ఇన్సూరెన్సు రాదని కాగితంలో అతివేగం అని రాయించుకునే కుటుంబాలు లేవా? కొలవని జబ్బుకు మందెలా వేస్తాం?

అలాగని మన దగ్గర ఏమీ జరగలేదనడం తప్పు. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలు ఇప్పుడు అందరికీ తెలిసిన మాట. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రోడ్ల మీద శని, ఆదివారాల రాత్రి ఊదించడం, బండి తీసుకోవడం, గోషామహల్ ట్రాఫిక్ ట్రైనింగ్ సెంటర్‌లో ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇవ్వడం, తర్వాత కోర్టు. భార్య పక్కన తల దించుకొని కూర్చోవడం 10,000 జరిమానా కంటే బరువని చాలామంది చెబుతారు. క్యాబ్ బుక్ చేసుకొని పార్టీకి వెళ్లే అలవాటు ఆ నగరంలో కొంత వచ్చిందంటే ఈ తనిఖీల పుణ్యమే అనిపిస్తుంది నాకు.

కానీ ఆ గొట్టం ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఎంత దూరం వస్తుంది? మా మండల కేంద్రం నుంచి ఊరికి వచ్చే రోడ్డు మీద రాత్రి తొమ్మిదింటికి ఒక్క పోలీసు నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. పొలాల గట్ల దాకా బెల్టు షాపులు వచ్చాయి, ఊదుడు గొట్టం రాలేదు.

దుకాణాల వైపు నుంచి కూడా ప్రయత్నం జరిగింది. 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండకూడదంది. 2017 మార్చి చివర్లో చిన్న ఊళ్లకు దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. కొన్ని రాష్ట్రాలు హైవేల పేరే మార్చి దారి వెతుక్కున్నాయి. ఇంకా వెనక్కి పోతే, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం 1993లో సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్య నిషేధాన్ని తెచ్చింది. 1997లో అది సడలిపోయింది. అమ్మకం ఆపడం ఒక పని, తాగినవాడిని స్టీరింగ్ నుంచి దూరంగా ఉంచడం ఇంకో పని. మొదటిదాని మీద మనం ఎన్నికలు గెలిచాం, ఓడాం. రెండోదానికి కావాల్సింది ప్రతి రాత్రీ రోడ్డు మీద నిలబడే ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, పనిచేసే ఒక మిషన్.

పరాయి దేశంలో మనకు

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు హద్దు గిద్దు లేదు, సున్నానే. యూఏఈలో 2025 మార్చి చివరి నుంచి అమల్లోకి వచ్చిన ట్రాఫిక్ చట్టం ప్రకారం తాగి నడిపితే జరిమానా 20,000 నుంచి లక్ష దిర్హాముల దాకా ఉంది, జైలు కూడా పడొచ్చు. ఎంత జీతానికి ఎన్ని నెలలో మీరే లెక్కేసుకోండి. వీసా సంగతి ఆ పైన.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు నాలుగు మాటలు. ఒకటి, ఊదనంటే తప్పించుకున్నట్టు కాదు, ఊదకపోవడమే ఇంకో నేరం, దానికీ లైసెన్సు పోతుంది. రెండు, ఎలక్ట్రిక్ స్కూటర్ కూడా మోటారు వాహనమే, ఫుడ్ డెలివరీ చేసే స్టూడెంట్ తమ్ముళ్లు ఇది రాసిపెట్టుకోండి. మూడు, తాగి కారులో తాళాలతో పడుకున్నా 'బండి నీ అధీనంలో ఉంది' అని కేసు పెట్టొచ్చు. నాలుగు, ఇక్కడ పడిన శిక్షను వీసా దరఖాస్తులో చెప్పుకోవాలి.

అన్నిటికంటే మనవాళ్లను ముంచేది మర్నాటి పొద్దు. మా ఇంట్లో పై గదిలో ఉండే ఒక కుర్రాడిది గుంటూరు వైపు. ఆదివారం రాత్రి స్నేహితుడి పుట్టినరోజు, ఒంటిగంట దాకా కూర్చున్నారు. నాలుగు గంటలు పడుకొని, స్నానం చేసి, కాఫీ తాగి ఐదున్నరకు వ్యాన్ ఎక్కాడు. ఒక రౌండబౌట్ దగ్గర ఇండికేటర్ వేయలేదని ఆపారు. ఊదితే హద్దు దాటింది. ఏడాది పైన లైసెన్సు పోయింది, ఆ వారమే పని పోయింది. వాడు తాగుబోతు కాదు. విడ్‌మార్క్ లెక్క తెలియనివాడు, అంతే. శరీరం గంటకు సుమారు ఒక యూనిట్ ఆల్కహాల్ మాత్రమే కరిగిస్తుంది. చిన్న పెగ్గు విస్కీ ఒక యూనిట్, ఒక పింట్ బీరు రెండు యూనిట్లకు పైనే. కాఫీ, చన్నీళ్లు, మజ్జిగ, నిమ్మరసం, ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. పొద్దున డ్యూటీ ఉంటే రాత్రి లెక్క పెట్టుకోవాలి, లేదా అసలు ముట్టకూడదు.

మస్కట్ తమ్ముడికి నా జవాబు ఇదీ. లక్ష జరిమానా రాసి పుస్తకంలో పెడితే అది పుస్తకంలోనే ఉంటుంది. దొరికేది వెయ్యిలో ఒక్కడైతే మిగతా తొమ్మిదొందల తొంభై తొమ్మిది మందికి ఆ లక్ష కథల్లో మాట. దొరకడం ఖాయమైతే చిన్న శిక్ష కూడా మనిషిని ఆపుతుంది. ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు సర్పంచునో ఎమ్మెల్యే మనిషినో అడగాల్సింది కొత్త చట్టం గురించి కాదు. మన రోడ్డు మీద రాత్రిపూట తనిఖీ ఎప్పుడు పెడతారు, మన పోలీస్ స్టేషన్‌లో ఊదే మిషన్ పనిచేస్తోందా అని అడగండి. ఏం చెప్పారో నాకు వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చినవన్నీ కలిపి ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటా మరి.